ఆ పెదవులు జపించడం లేదు

నంద్యాల బస్టాండులో ఆళ్ళగడ్డ బస్సు ఎక్కేవారిలో అహోబిలం యాత్రికులు ఎప్పుడూ కొందరుంటారు. స్వాతి నక్షత్రం రోజైతే ఇక చెప్పనక్కరలేదు, నిలుచోవడానికి కూడా చోటు దొరకదు. అటువంటి రోజునే నేను ఆ బస్సెక్కాను. కిటికీ ప్రక్కన ఒక పెద్దావిడ కూర్చొని ఉన్నది. అరవై దాటి ఉంటాయి. నుదుట కాసంత కుంకుమ బొట్టు, భుజంనిండా కప్పుకొన్న నేతచీర కొంగు, ఒళ్ళో గుడ్డసంచి. ఆవిడ పెదవులు క్షణం ఊరుకోకుండా కదులుతున్నవి. ముందుకు సాగుతవి, లోపలికి ముడుచుకొంటవి, నాలుక కొస ఒక్కసారి బయటికి వచ్చి లోపలికి పోతుంది, బుగ్గ లోపలినుంచి ఉబ్బుతుంది, మళ్ళీ మొదలు.

ఎదురుగా నిలుచున్న ఒక ముసలాయన ఆమెను చూసి రెండు చేతులూ జోడించాడు. "నరసింహస్వామి జపం. నోరు ఒక్క రవ్వ గూడా నిలపడంలేదు. ఎంత భక్తో సూడప్పా!" అని ప్రక్కవాడితో అన్నాడు.

ఆవిడ వెనుక కమ్మీ పట్టుకొని నిలుచున్న నలభైయేళ్ళ మనిషి నవ్వాడు. అది నవ్వువంటి నవ్వు కాదు. "జపం గాదు తాతా. మందు చేసిన పని" అన్నాడు.

ఆ ఒక్కమాటతోనే ఈ వ్యాసం మొదలైంది. ఆయన ఆవిడ కొడుకు. ఆళ్ళగడ్డలో శిల్పం పని చేస్తాడు. ఆ ఊరి శిల్పులు చెక్కిన విగ్రహాలు ఎన్నెన్ని ఊళ్ళకు పోతున్నవో పాఠకులకు తెలిసే ఉంటుంది. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నంద్యాలనుంచి ఆళ్ళగడ్డ నలభై కిలోమీటర్ల పైచిలుకు. సిరివెళ్ళ దాటేసరికి నాకు ఆ సంసారం కథంతా తెలిసిపోయింది. పేర్లు వద్దన్నారు కనుక వ్రాయడంలేదు.

పొయ్యి ఆరిన ఇల్లు

పద్దెనిమిదేళ్ళ క్రిందట ఆవిడకు నలభై నాలుగో, అయిదో. ఒకనాడు ఉన్నట్టుండి ఎదురింటివాళ్ళు తన బిందెలో ఏదో కలుపుతున్నారని అన్నది. వారం తిరిగేసరికి గోడ అవతలనుంచి తన్ను తిడుతున్నారన్నది. ఇంట్లో ఎవరికీ ఆ తిట్లు వినబడవు, ఆవిడకు మాత్రం రాత్రింబగళ్ళు వినబడతవి. చివరకు విషం పెడతారనే భయంతో పొయ్యి ముట్టించడం మానేసింది, ఎవరు వండినా తినడం మానేసింది. దర్గాకు తీసుకుపోయారు, తాయెత్తు కట్టించారు, తలమీద నిమ్మకాయలు కోశారు. ఆరునెలల తరువాత ఎవరో చెప్పగా మనోవ్యాధుల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళారు.

"రెండు నెలలు సార్. రెండంటే రెండు నెలలకు మా అమ్మ పొయ్యి ముట్టించింది. మమ్మల్ని పిలిచి అన్నం పెట్టింది. ఆ మాత్రలను నేను ఎప్పుడూ తిట్టను" అన్నాడు కొడుకు.

ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవలె. ఇకముందు నేను ఆ మాత్రలవల్ల కలిగే కీడునుగురించి వ్రాయబోతున్నాను. కాని ఆ ఇంట్లో పొయ్యి మళ్ళీ వెలిగింది ఆ మాత్రలవల్లనే.

పన్నెండేళ్ళు సుఖంగా గడిచినవి. ఆ తరువాత నోటి కదలిక మొదలైంది. వక్కాకు నమిలే అలవాటు అనుకొన్నారు. కట్టుడుపళ్ళు సరిగా కూర్చోలేదేమోనని పళ్ళడాక్టరు దగ్గర మార్పించారు. వీధిలో పిల్లలు ‘మేక నెమరేస్తాంది’ అని వెక్కిరించడం మొదలుపెట్టారు. చిత్రమేమంటే ఆవిడకు మాత్రం ఆ సంగతి తెలియదు! "నా నోటికేమైందిరా, బాగానే ఉండాది గదా" అనేది. నిద్రపోయేటప్పుడు మాత్రం నోరు పసిపిల్ల నోరులా నిలకడగా ఉండేదట. పెళ్ళిళ్ళకు పిలవడం తగ్గింది. అన్నం తినేటప్పుడు నాలుక కొరుక్కోవడం ఎక్కువైంది.

ఒకనాడు కొడుక్కు ఎవరో చెప్పారు, ఇది మాత్రల చలవే అని. మర్నాటినుంచి మాత్రలు ఆపేశాడు.

"నోరు తగ్గుతుందనుకొంటిని. తగ్గకపోగా పదిరోజులకు రెండింతలైంది. నాలుగో నెలలో మళ్ళీ బిందెలో విషం అన్నది" అని చెప్పి, ఆయన కొంతసేపు కిటికీలోనుంచి బయటికి చూస్తూ ఊరుకొన్నాడు.

సర్పగంధి వేరు చెప్పిన రహస్యం

మందు ఆపితే మందు చేసిన జబ్బు పెరగడమేమిటి? ఇది తెలియాలంటే కొంచెం వెనక్కు పోవలె. ఈ చరిత్రలో మన దేశానికి కూడా పాలున్నది.

సర్పగంధి వేరును పాముకాటుకూ పిచ్చికీ వాడడం మన వైద్యంలో చాలా పాతమాట. 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే ఇద్దరు దానిని ఉద్రేకంతో కూడిన ఉన్మాదానికీ, రక్తపుపోటుకూ ఇచ్చి, ఫలితాన్ని ఒక వైద్యపత్రికలో ప్రకటించారు. పాశ్చాత్యులు అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు. 1952లో స్విట్జర్లండులోని సిబా కంపెనీ రసాయనికులు ఆ వేరులోని సారాన్ని విడదీసి రిసర్పిన్ అని పేరుపెట్టారు. అదే సంవత్సరంలో పారిసు నగరంలో జాఁ దెలె, పియేర్ దెనికేర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అనే క్రొత్త మందును మతిచెదిరిన రోగులకు ఇచ్చారు. గదుల్లో బంధించవలసిన మనుషులు లేచి, స్నానంచేసి, ఇంటికి ఉత్తరాలు వ్రాసుకోవడం మొదలుపెట్టారు. అంతకు ముందున్న చికిత్సలేమిటి? ఇన్సులినుతో స్మృతి తప్పించడం, విద్యుత్తు పెట్టడం, లేకపోతే తలుపుకు గడియ. అందుకని ఆ క్రొత్త మందు దేవుడిచ్చిన వరంలా కనబడిందంటే తప్పులేదు.

కాని రెండేళ్ళు తిరగకుండానే, 1954 నాటికే, ఈ రెండు మందులూ పుచ్చుకొన్నవారిలో కొందరికి చేతులు వణకడం, ముఖం చెక్కబొమ్మలా బిగిసిపోవడం, నడక గునగున పడడం వైద్యులు గమనించారు. అచ్చంగా పార్కిన్సన్ జబ్బు! జర్మనీలో హాసె అనే వైద్యుడు ఒక చిత్రమైన పద్ధతి కనిపెట్టాడు. రోగిచేత రోజూ నాలుగు పంక్తులు వ్రాయించేవాడు. చేతివ్రాత చిన్నదై చీమల బారులా మారేదాకా మందు పెంచడం, మారగానే అక్కడితో ఆపడం. ఆనాటివారికి ఆ బిగుతు మందు పనిచేస్తున్నదనడానికి గుర్తుగా తోచిందే తప్ప, కీడుగా తోచలేదు.

ఎందుకిలా జరుగుతుందో స్వీడను దేశపు అర్విద్ కార్ల్‌సన్ చూపించాడు. 1957లో ఆయన కుందేళ్ళకు సర్పగంధి సారమైన రిసర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వాల్చి, కదలక మెదలక పడిపోయినవి. అప్పుడు ఎల్-డోపా అనే పదార్థం ఎక్కించాడు. కాసేపటిలో చెవులు నిక్కించి గంతులేసినవి. మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉన్నదనీ, కదలిక దానిమీద ఆధారపడి ఉన్నదనీ అలా తేలింది. ఆ పనికి ఆయనకు 2000 సంవత్సరంలో నోబెల్ బహుమానం వచ్చింది. పార్కిన్సన్ రోగులకు ఈనాడు ఇస్తున్న ముఖ్యమైన మందు ఆ ఎల్-డోపాయే. మన అడవి వేరొకటి స్వీడను కుందేళ్ళ ద్వారా ఎంత దూరం పోయిందో చూడండి!

తూము మూస్తే చేను ఊరుకొంటుందా?

నంద్యాల, సిరివెళ్ళ రైతులకు కె.సి. కాలువ సంగతి నేను చెప్పనవసరం లేదు. ఒకే కాలువ ఎన్నో చేలకు పారుతుంది. మెదడులో డోపమైన్ పారకం కూడా అటువంటిదే. ఒక పాయ ఆలోచనకూ, భయానికీ, నమ్మకానికీ సంబంధించిన చోటికి పోతుంది. ఇంకొక పాయ చేతులూ కాళ్ళూ నోరూ కదలికను సరిదిద్దే చోటికి పోతుంది. మొదటి పాయ పొంగి, లేని తిట్లు వినబడుతున్నప్పుడు వైద్యుడు మందుతో తూము దించుతాడు. కాని పాత మందులకు ఒక్క పాయను మాత్రమే మూయడం తెలియదు. రెండవ చేను కూడా ఎండుతుంది. వణుకు, బిగుతు వచ్చేది అందువల్లనే.

ఇంతవరకు బాగానే అర్థమవుతుంది. తరువాతిదే మెలిక. ఏళ్ళ తరబడి నీరు తక్కువైతే చేను ఊరుకోదు. ఉన్న నీటి చుక్కనైనా పీల్చుకోవడానికి వేళ్ళు నలువైపులా చాస్తుంది. మెదడులోని కణాలు కూడా డోపమైన్‌ను అందుకొనే గ్రాహకాలను పెంచుకొని, మరీ సున్నితంగా తయారవుతవని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అప్పుడు కొద్దిపాటి రసాయనానికే కండరాలు ఎగిరిపడతవి. అదే ఈ పెదవుల ఆట. హఠాత్తుగా మందు ఆపితే తూము ఒక్కసారి ఎత్తినట్టవుతుంది, దాహంతో ఉన్న చేనిమీదికి నీరంతా వచ్చి పడుతుంది. ఆళ్ళగడ్డ శిల్పి ఇంట్లో పదోరోజుకు నోటి కదలిక రెండింతలు కావడంలో వింత లేదన్నమాట. నిజానికి ఆ జబ్బు అంతకు ముందునుంచీ ఉన్నదే. మందే దానిని కొంత కప్పిపుచ్చింది. ఈ చేను ఉపమానంతోనే అంతా తేలిపోయిందనుకోకండి. ఇందులో శాస్త్రజ్ఞులకు కొరుకుడు పడని ముడులు ఇంకా ఉన్నవి.

1957లో షోనెకెర్ అనే జర్మను వైద్యుడు ఈ పెదవుల కదలికను మొదట వర్ణించాడు. 1964లో డెన్మార్కు వైద్యుడు ఫార్బీ, ఆయన సహచరులు దీనికి ‘టార్డివ్ డిస్కైనీషియా’ అని పేరుపెట్టారు. ఆలస్యంగా వచ్చే వికృతపు కదలిక అని దాని అర్థం. నెలలకో, ఏళ్ళకో గాని రాదు. సాధారణంగా నోరు, నాలుక, దవడలతో మొదలవుతుంది. కొందరికి వేళ్ళు వీణ మీటుతున్నట్టు ఆడతవి, కొందరికి నడుము ఊగుతుంది. పాత మందులు వాడే పడుచువారిలో ఏటా నూటికి సుమారు అయిదుగురికి ఇది కొత్తగా వస్తుందని లెక్క. వయసు మళ్ళినవారిలో మొదటి ఏడాదిలోనే నూటికి పాతికమంది దాకా రావచ్చును. ఆడవారికీ, మధుమేహం ఉన్నవారికీ భయం హెచ్చు. తరువాత వచ్చిన కొత్తరకం మందులతో ఇది తగ్గింది గాని పోలేదు.

ఇంకొకమాట కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. నోటి కదలికలన్నీ మందువల్లనే అనుకోరాదు. చెన్నయిలో డాక్టరు శారదా మేనన్ 1984లో నెలకొల్పిన స్కార్ఫ్ సంస్థలో డాక్టరు తారా మొదలైనవారు, బ్రిటిషు వైద్యులతో కలిసి, జీవితంలో ఒక్క మాత్రా మింగని మనోవ్యాధిగ్రస్తులను పరీక్షించారు. వారిలో కూడా కొందరికి ఇటువంటి కదలికలు కనబడినవి. అంటే జబ్బులోనే కొంత బీజమున్నది. మందు దానికి నీళ్ళు పోస్తున్నది. ఏ కదలిక దేనివల్లనో తేల్చవలసినవాడు వైద్యుడే గాని వీధి చివరి సలహాదారు కాదు.

పెళ్ళివారింట మెడ తిరిగిన పిల్ల

‘మా ఇంట్లో ఎవరికీ మతిచెదరలేదు, ఈ గొడవ మాకెందుకు’ అనుకొనే పాఠకులు ఉండవచ్చును. వారికోసం నా స్వంత అనుభవం ఒకటి చెబుతాను.

కొన్నేళ్ళ క్రిందట నంద్యాలలో మా పినతండ్రి కొడుకు పెళ్ళి. పెళ్ళికూతురి చెల్లెలు, పదిహేడేళ్ళ పిల్ల, ఘాటురోడ్డుమీద బస్సులో వచ్చి వాంతులు చేసుకొన్నది. ఎవరో వైద్యుణ్ణి పిలిచి వాంతుల ఇంజక్షను వేయించారు. వాంతులు తగ్గినవి. సాయంత్రం విడిదింట్లో పిల్ల మెడ ఒకవైపుకు తిరిగిపోయింది. కళ్ళు పైకి పోయి నిలిచినవి. నాలుక బయటికి వచ్చింది. మాట రాదు, కాని తెలివి ఉన్నది, కన్నీళ్ళు కారుతున్నవి. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ‘చీకటివేళ చింతచెట్టు క్రిందుగా వచ్చింది, గాలి సోకింది’ అన్నది ఒక ముత్తైదువ. వేపమండలు తెప్పించడం, మంత్రగాడికోసం మోటారుసైకిలు పంపడం అయిపోయింది. ముహూర్తం దగ్గరపడుతున్నది. పెళ్ళికొడుకు తరపున అప్పుడే గుసగుసలు మొదలు: ఈ కుటుంబంలో ఇదేదో ఉన్నదని!

చుట్టాల్లో రిటైరైన ఒక కాంపౌండరు గారున్నారు. ఆయన తాపీగా వచ్చి, "ఇవాళ ఈ పిల్లకు ఏ మందు పడింది?" అని అడిగారు. అంతే. ఆ ఇంజక్షను చీటీ చూసి, వెంటనే ఆస్పత్రికి తీసుకుపొమ్మన్నారు. అక్కడ ప్రోమెథజీన్ ఇంజక్షను ఒకటి వేశారు. ఇరవై నిమిషాలు. పిల్ల మెడ తిప్పుకొని, తలలో పూలు నలిగాయని అద్దం అడిగింది.

ఆ వాంతుల మందు పేరు మెటోక్లోప్రమైడ్. అది పిచ్చిమందు కాదు, కాని మెదడులో అదే తూమును దించుతుంది. పడుచువారిలో మొదటి ఒకటి రెండు మోతాదులకే ఇలా మెడ తిప్పడం, కళ్ళు పైకెత్తడం జరగవచ్చును. దీనిని నెలల తరబడి వాడితే పెదవుల జబ్బు కూడా వస్తుంది. అందుకే అమెరికా మందుల శాఖ 2009లో, పన్నెండు వారాలకు మించి వాడవద్దని దాని పెట్టెమీద నల్లగీత గీసి మరీ హెచ్చరిక వ్రాయించింది.

మన ఇళ్ళల్లో ఇటువంటి మందులు ఇంకా ఉన్నవి. కడుపుబ్బరానికి, పుల్లత్రేన్పులకు ఉదయాన్నే పరగడుపున వేసుకొనే కొన్ని గొట్టాలలో లెవోసల్పిరైడ్ కలిసి ఉంటుంది. తలతిరుగుడుకు ఇచ్చే ప్రోక్లోర్‌పెరజీన్, సిన్నరిజీన్, పార్శ్వపునొప్పికి ఇచ్చే ఫ్లునరిజీన్ కూడా ఆ కోవలోవే. వైద్యుడు కొద్దిరోజులకు వ్రాసిస్తాడు. మనవాళ్ళు ఆ చీటీని దాచి, ఏళ్ళ తరబడి మందుల షాపులో చూపించి కొనుక్కొంటారు! అమ్మమ్మకు చెయ్యి వణుకుతుంటే వయసనుకొంటాం. వణుకు తగ్గడానికి ఇంకొక మాత్ర తెచ్చుకొంటాం. గ్యాసు మాత్రను మాత్రం ఎవరూ అనుమానించరు. నా దృష్టిలో ఇది మానసిక ఆస్పత్రుల్లో జరిగేదానికంటె పెద్ద అన్యాయం. అక్కడ కనీసం మందువల్ల ఒక ప్రాణం నిలబడుతున్నది. ఇక్కడ త్రేన్పుకోసం మనిషి చేతివ్రాత పోగొట్టుకొంటున్నాడు.

కూర్చోలేని మనిషి

ఈ మందులవల్ల వచ్చే ఇంకొక బాధ పైకి బాధలా కనిపించదు. మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకో, మోతాదు పెంచినప్పుడో కొందరు కూర్చోలేరు, నిలుచోలేరు. కాళ్ళలో ఏదో పాకినట్టుంటుంది. వరండాలో అటూ ఇటూ తిరుగుతారు. నిలుచున్నచోటనే పాదాలు మార్చి మార్చి వేస్తారు. ఇంట్లోవాళ్ళు పిచ్చి ముదిరిందనుకొని డాక్టరుకు అలాగే చెబుతారు. డాక్టరు ఆ మాట విని మోతాదు పెంచుతాడు. బాధ ఇంకా పెరుగుతుంది. ఈ నరకం భరించలేక ప్రాణం తీసుకోబోయినవారున్నారు. దీనికి పేరు అకతీసియా. మోతాదు తగ్గించడంవల్ల, ప్రొప్రనొలోల్ వంటి సాధారణమైన మాత్రవల్ల చాలామందికి నిమ్మళిస్తుంది. కాని అది జబ్బు కాదు, మందు అని ముందు ఎవరో ఒకరికి తోచవలె గదా!

ఒళ్ళు కర్రలా బిగిసి, దానితోపాటు తీవ్రమైన జ్వరం, చెమటలు, తెలివి తప్పడం కనబడితే మాత్రం ఆలోచించే వ్యవధి లేదు. అది అరుదు. కాని వచ్చిందంటే రాత్రయినా సరే పెద్దాస్పత్రికి పరుగెత్తవలసిందే.

ఇక వణుకు, బిగుతు చాలావరకు తిరిగి పోయేవే. మోతాదు తగ్గించినా, మందు మార్చినా వారాలలోనో, నెలలలోనో మనిషి మామూలవుతాడు. వాటికి ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర కూడా కలిపి ఇస్తారు. మన ప్రాంతంలో చీటీలమీద ఇది చాలా తరచుగా కనబడుతుంది. ఇక్కడ ఒక చిక్కున్నది. వణుకును తగ్గించే ఆ మాత్రే పెదవుల కదలికను హెచ్చిస్తుంది! ఏళ్ళ క్రిందట వణుకుకోసం వ్రాసిన మాత్ర, వణుకు పోయినా చీటీమీద అలాగే మిగిలిపోతుంది. శిల్పిగారి తల్లి కూడా దానిని పద్నాలుగేళ్ళు మింగింది.

నోరు తెరిచి చూసేవారెవరు?

1982లో మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. మనకు ప్రక్కనే ఉన్న బళ్ళారి జిల్లాలో 1985లో, మానసిక రోగులకు గ్రామాల ఆరోగ్యకేంద్రాలలోనే మందులిచ్చే ప్రయోగం జరిగింది. అది జయప్రదమై దేశమంతటికీ ఒరవడి అయింది. గొలుసులతో కట్టివేయబడవలసినవారు వేలమంది తమ ఇళ్ళల్లో బ్రతికారు. ఇది చిన్న పనికాదు. కాని మాత్ర పల్లెకు వచ్చినంత త్వరగా ఆ మాత్రమీద కన్నేసి ఉంచే మనిషి పల్లెకు రాలేదు. నెలకొకసారి చీటీ చూపితే మాత్రలు చేతిలో పడతవి. రోగి ముఖంవైపు ఎవరైనా చూశారా అన్నది రోగి అదృష్టం.

చూడడానికి యంత్రాలు అక్కరలేదు. 1976లో అమెరికాలో తయారైన ఒక పరీక్ష ఉన్నది. పది నిమిషాలు చాలు. నోటిలో తమలపాకు, కట్టుడుపళ్ళు ఉంటే తీయించవలె. గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు మోకాళ్ళమీద పెట్టించి ఊరికే చూడవలె. నోరు తెరవమనవలె, నాలుక లోపల నిలకడగా ఉన్నదా, పురుగులా మెలికలు తిరుగుతున్నదా? తరువాత నాలుక బయట పెట్టమనవలె. బొటనవేలితో మిగతా వేళ్ళను ఒక్కొక్కటే గబగబా తాకమన్నప్పుడు మనిషి దృష్టి వేళ్ళమీదికి పోతుంది. దాగివున్న నోటి కదలిక అప్పుడు బయటపడుతుంది. ఆఖరున చేతులు చాచి నిలబడమని, నాలుగడుగులు నడవమని చెబుతారు. కనబడినదానికి సున్న నుండి నాలుగు దాకా మార్కులు. ఈ మందులు వాడేవారికి ఆరునెలలకొకసారి, కనీసం ఏడాదికొకసారి ఈ పరీక్ష జరగాలని నియమం. మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే డాక్టరు గారిని మొహమాటపడకుండా అడగండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ఇస్తున్న చికిత్సవల్ల ఏయే కీడులు రావచ్చునో తెలుసుకొనే హక్కు రోగికి ఉన్నది. అడిగితే కోపగించుకొనే డాక్టర్లుంటారు, కాదనను. అయినా అడగవలసిందే.

కనబడిన తరువాత ఏమిటి? త్వరగా కనిపెడితే, తగ్గే ఆశ ఎక్కువ. వైద్యుడు మోతాదు తగ్గిస్తాడు, లేదా ఈ కీడు తక్కువగా ఉండే క్లోజపిన్, క్వెటియపిన్ వంటి వాటికి నెమ్మదిగా మారుస్తాడు. క్లోజపిన్‌తో తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చును. 1975లో ఫిన్లండులో అందువల్ల కొందరు మరణించారు. కనుక మొదటి పద్దెనిమిది వారాలు వారంవారం రక్తపరీక్ష. కదలికలను నేరుగా అణచే మందులు కూడా ఉన్నవి. టెట్రబెనజీన్ పాతది, మన దేశంలో దొరుకుతుంది. దాని సంతతివైన వాల్‌బెనజీన్, డ్యూటెట్రబెనజీన్‌లకు 2017లో అమెరికాలో ఈ జబ్బుకని ప్రత్యేకంగా అనుమతి వచ్చింది. ఇవి పనిచేసేది ఎలాగో తెలుసా? అచ్చంగా ఒకనాటి మన సర్పగంధి సారం చేసిన పనే. కణంలో డోపమైన్‌ను మూటకట్టనివ్వకుండా చేయడం! ఏ వేరు సారం మనుషులను బిగదీసి ఈ సంగతంతా బయటపెట్టిందో, దాని దాయాదులే ఇప్పుడు విరుగుడైనవి. టెట్రబెనజీన్‌వల్ల కొందరికి మనసు క్రుంగుతుంది కనుక దానిమీద కూడా ఒక కన్నుండవలె.

నంద్యాల 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైంది. 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల కూడా వచ్చింది. అంతకు ముందు ఈ తట్టువారు కర్నూలుకో, బెంగుళూరుకో, వేలూరుకో పోయేవారు. ఫోనులో సలహాకు ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్ ఉన్నది, నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చును.

ఆళ్ళగడ్డలో

ఆళ్ళగడ్డలో దిగిన తరువాత శిల్పి నన్ను వాళ్ళ పాకకు రమ్మన్నాడు. సగం చెక్కిన నంది ఒకటి, ముక్కు ఇంకా తేలని ఎవరో నాయకుడి విగ్రహం ఒకటి ఉన్నవి. పెద్దావిడ రాతిమీద కూర్చొని సంచిలోనుంచి చీటీలు తీసి కొడుక్కు ఇచ్చింది. మాత్రలు ఆపి చేతులు కాల్చుకొన్న తరువాత ఆయన తల్లిని నంద్యాలలో ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయాడట. ఆమె మొదట నోరు తెరిపించి చూసింది. ఇన్నేళ్ళలో నోరు తెరిపించిన మొదటి డాక్టరు ఆమేనట! పాత మందు మళ్ళీ మొదలుపెట్టి, బిందెలో విషం పోయిన తరువాత, వణుకు మాత్రను అంచెలంచెలుగా మాన్పించి, నాలుగు నెలల్లో క్లోజపిన్‌కు మార్చింది. పద్దెనిమిది వారాలు ప్రతి సోమవారం తల్లీ కొడుకులు ఈ బస్సులోనే రక్తపరీక్షకు వెళ్ళివచ్చారు. ఆ పద్దెనిమిది సోమవారాలూ ఆయన సగం కూలి పోయింది. ఇప్పుడు నెలకొకసారి.

"మొత్తం పోతుందన్నారా?" అని అడిగాను.

"పోకపోవచ్చు అని ముందే చెప్పింది సార్ ఆమె. ఆలస్యమైంది గదా. నాలుక కొరుక్కోవడం మాత్రం నిలిచింది. ఇప్పుడు సంగటి నిమ్మళంగా తింటుంది."

ఆయన ఫోనులో నెలకొకటి చొప్పున తీసిన చిన్న చిన్న చిత్రాలు చూపించాడు. అదే రాతిమీద, అదే చీరల్లో, అదే ఆవిడ. మొదటిదానిలో నాలుక పాము నాలుకలా ఆడుతున్నది. చివరిదానిలో పెదవుల కొసలు మాత్రమే కదులుతున్నవి. మామీద నుంచి ఆవిడ కూడా తొంగిచూసింది. తన నోరు అలా ఉండేదని ఆమె మొదటిసారి నమ్మినది ఆ చిత్రాలు చూసిన తరువాతనేనట.

"డాక్టరమ్మ ఈసారి ఎంత ఏసింది?" అని కొడుకును అడిగింది.

"తొమ్మిది అమ్మా. అప్పుడు పద్నాలుగు."

"మళ్ళీ యెప్పుడు పోవల్ల?"

"వచ్చే నెల స్వాతికి. బస్సులో సీటు దొరకదు, పొద్దున్నే లేయాల" అన్నాడు కొడుకు. ఆవిడ తలవూపి, నాకు మజ్జిగ తేవడానికి లేచింది.